నడి అంకణం మీద చవుడు

ఆ ఆదివారం పొద్దున కొట్టంలో ముగ్గురం ఉన్నాం: పెదనాయన, పెద్దమ్మ, నేను. కట్టేసి ఉన్నవి ఐదు సీమావులు. వాటిలో పాలిచ్చేవి నాలుగు, చూడిది ఒకటి. నా దగ్గర పొడవాటి టేపు, రసమట్టం, టార్చి, గళ్ల నోటుబుక్కు. గోడకు ఆనించిన నిచ్చెన ఒకటి. గాడి అంచున పెద్దమ్మ కొడవలి. బయట వాకిట్లో రెండు నీలగిరి వాసాలు, పెదనాయన ముందుజాగ్రత్తగా తెప్పించి పెట్టుకున్నవి. లోపల, నడి అంకణానికి ఇటు పక్కనున్న రాతి దూలం అడుగున, ఒక పగులు.

నన్ను పిలిపించింది ఆ పగులే. అంతకు నాలుగు రోజుల ముందు పెదనాయన ఫోన్ చేసి, దూలం అడుగున గీత మాదిరి కనపడుతోందని, వానలు వచ్చేలోపల ఒకసారి వచ్చి చూసి పొమ్మని అన్నాడు. నేను చింతామణిలో సివిల్ డిప్లొమా చదివి, చిక్కబళ్ళాపురలో ఒక కాంట్రాక్టరు దగ్గర సైటు పని చూస్తున్నాను. కమ్మీలు లెక్కపెట్టడం, స్లాబు మందం కొలవడం, సిమెంటు పాలు చూడడం నా రోజువారీ పని. మా ఇంట్లో కట్టడం గురించి బడిలో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. గూళూరు దాటాక మట్టిరోడ్డు మీద బైకు దిగి నడిపించుకుంటూ పోతున్నప్పుడు నాకు కొంచెం గర్వంగానే ఉండింది. మా పెద్దలు కట్టిన దాన్ని పరీక్షించడానికి పోతున్నాను.

ఆ కొట్టం ఏ సంవత్సరం కట్టారో ఎవరికీ తెలియదు. తాత తండ్రి కట్టించాడని పెదనాయన అంటాడు. అంతకు ముందు నుంచే ఉందని ఊళ్లో ఇంకొందరు అంటారు. కాగితం లేదు, శాసనం లేదు, గడప మీద అంకె లేదు. ఉన్నది రాయి. రాయిని చదవగలిగినంత నేను చదివి రాసుకున్నాను.

లోపలి పొడవు ముప్పై ఐదు అడుగులు, వెడల్పు పద్దెనిమిది. పొడవును ఏడేసి అడుగుల చొప్పున ఐదు అంకణాలుగా పంచారు. నడుమ వరుసలో నాలుగు స్తంభాలు. ఒక్కో స్తంభం నుంచి రెండు వైపుల గోడలకూ ఒక్కో దూలం, మొత్తం ఎనిమిది. దూలాల మీద కప్పుబండలు, అంకణానికి తొమ్మిది, మొత్తం నలభై ఐదు. అన్నీ ఊరి వెనక గుట్ట నుంచి వచ్చినవే. బండల అంచుల్లో నాలుగు వేళ్లకొకటిగా సగం సగం గుంతలు కనిపిస్తాయి. అవి రాయిని చీల్చడానికి చీలలు దిగ్గొట్టిన చోట్లు. ఒక బండకు మిగిలిన సగం గుంతలు పక్క బండ అంచులో దొరుకుతాయి. అలా రెండు బండల్ని నేను జత కలపగలిగాను. ఒకే రాయి నుంచి చీలి, పక్కపక్కనే పడుకుని, ఇన్నేళ్లుగా ఒకే కప్పును మోస్తున్నాయి.

గోడ మందం కింద మూడడుగులు, పైకి పోయేసరికి రెండున్నర. సున్నం లేదు, సిమెంటు లేదు, అడుసు మాత్రమే. లోపలి వరుస, బయటి వరుస విడిపోకుండా అక్కడక్కడ పొడవాటి రాళ్లు అడ్డంగా పెట్టారు. వాటి కొసలు తూర్పు గోడకు బయటికి పొడుచుకొచ్చి, ఒకదాని పైన ఒకటి ఏటవాలుగా మెట్లయ్యాయి. మిద్దె ఎక్కేదానికి అవే దారి. గాలికోసం వదిలిన సందులు లోపల మూరెడు వెడల్పు, బయట జానెడు. నేల పడమటికి వాలుగా ఉంటుంది. ఆవు పోసిన మూత్రం నిలవకుండా రాతి కాలువలో పడి, గోడకింద కన్నంలోంచి దిబ్బలోకి పోతుంది. మేత వేసే గాడి కూడా రాయే. దాని అంచుకు తొలిచిన కన్నాల్లోంచి పలుపు దూర్చి ఆవును కడతారు. ఎన్ని తరాల పలుపులు రాసుకున్నాయో, ఆ కన్నాల లోపలి అంచులు గాజులా నున్నగా ఉన్నాయి. వేలు పెట్టి చూశాను.

నేను చూడి ఆవు వెనక నిలబడి స్తంభానికీ గాడికీ మధ్య ఎడం కొలుస్తుంటే పెద్దమ్మ గడ్డి వేస్తూ నవ్వింది.

"ఏమప్పా ఇంజినీరూ, గొడ్డుకి గూడా టేపు పెడతాండావే. రవిక కుట్టిస్తావా దానికి?"

"కుట్టిస్తే నీ రవిక గుడ్డే చింపాల," అన్నాడు పెదనాయన నిచ్చెన పట్టుకుని.

ఆమె ఆ ఎగతాళి వినిపించుకోకుండా రెండో అంకణంలోకి పోయింది. ఒకటో అంకణంలో వాకిలి, గడ్డి మోపులు. ఐదో దానిలో తవుడు మూటలు, పాత కాడి, పనికిరాని మోటారు. ఆవులు నడుమ మూడు అంకణాల్లోనే: రెండోదానిలో రెండు, మూడోదానిలో రెండు, నాలుగోదానిలో ఒకటి. అన్నీ ఉత్తరం గోడ వైపే, గాడి అక్కడే ఉంది కాబట్టి. పగిలిన దూలం కూడా ఉత్తరం వైపుదే. రెండో అంకణం కప్పునూ మూడో అంకణం కప్పునూ మోసేది అదే.

పగులు వెంట్రుకంత సన్నం. దూలం నడుమన, అడుగు నుంచి పైకి నాలుగంగుళాలు పాకింది. రాయి బరువు మోయడంలో గట్టిది, వంగడంలో కాదు. ఇనుము వంగి చెబుతుంది. రాయి చెప్పేది చాలా తక్కువ. కట్టినవాళ్లకు ఆ సంగతి సూత్రం లేకుండానే తెలుసు. అంకణాన్ని ఏడడుగులు దాటనివ్వలేదు, దూలాన్ని తొమ్మిదడుగులు దాటనివ్వలేదు. నాకు కావలసింది ఒకే ఒక లెక్క: ఆ దూలం మీద ఇప్పుడు ఎంత బరువుంది? బండల మందం అడుగు నుంచే తెలుస్తుంది, ఐదంగుళాలు. బండల పైనున్న మన్ను మందం తెలియాలంటే మిద్దె ఎక్కాలి.

ఎక్కాను. పైన గడ్డి మొలిచి ఉంది. ఇటు వైపు మట్టి మిద్దెలన్నిటి మీదా చవుడు పోస్తారు. చెరువు అంచున, పంట పండని నేలలో తెల్లగా పొంగే మన్ను అది. తడిస్తే బిగుసుకుని నీళ్లను కిందికి వదలదు. ఏటా తొలి వానకు ముందు కొత్త చవుడు మోసుకొచ్చి పరుస్తారు. అంచున, వాననీళ్లు బయటికి పోయే రాతి దోనె పక్కన, మన్ను బండతో కలిసే చోట టేపు పెట్టి కొలిచాను. తొమ్మిదంగుళాలు. నాలుగు వైపులా నాలుగు దోనెల దగ్గర కొలిచాను. ఎనిమిదిన్నర, తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. నోటుబుక్కులో తొమ్మిది అని రాసి, చుట్టూ గీత గీశాను.

నడుమన గడ్డపారతో ఒక చిన్న గుంత తీద్దామా అని కిందికి అడిగాను. పెదనాయన వద్దన్నాడు. వానల ముందు చవుడు తవ్వితే అక్కడే కారుతుంది, మళ్లీ దాన్ని కుదురుకునేలా చెయ్యడం నీ వల్ల కాదు, నా వల్ల కాదు అన్నాడు. సబబుగానే అనిపించింది. నాలుగు కొలతలు ఒకేలా ఉన్నప్పుడు ఐదోది వేరుగా ఉంటుందని నేను అనుకోలేదు.

నడి అంకణంలో ఒకప్పుడు గవాచి ఉండేది, వెలుతురు కోసం కప్పులో వదిలిన కన్నం. కింద నుంచి చూస్తే దాన్ని బండముక్కతో మూసినట్టు కనపడింది. అది తెరిచి ఉంటే దాని అంచులో మన్ను మందం దానంతట అదే కనపడేది. నేను రాసుకున్నది: గవాచి ఒకటి, మూసినది.

కిందికి దిగాక పెద్దమ్మ మజ్జిగ తెచ్చింది. చవుడు ఏటా పోస్తారా అని అడిగాను. ఊరికే అడిగాను, గ్లాసు చేతిలో ఉంది కాబట్టి.

"పొయ్యకుంటే ఎట్లప్పా? ముప్పై గంపలు మోస్తాం ఏటికి. మా మామ ఉన్నన్నాళ్లూ పాతది గీకి దిబ్బలో పోసి, ఆమీట కొత్తది పరిచేటోళ్లు. ఇప్పుడు గీకేదానికి మనుషులు యాడుండారు? పోసేదే గానీ తీసేది లేదు. యాడ కారితే ఆడ రెండు గంపలు ఎక్కువ."

ఎక్కడ కారుతుందని నేను అడగలేదు. ఆమే చెప్పింది, నడి అంకణంలో ఎప్పటి నుంచో చుక్క పడుతోందని. నేను తలాడించాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. దాని మీద నా చేత్తో రాసినది: చవుడు, ఏటా. అంతే.

గడప మీద కూర్చుని లెక్క వేశాను. తొమ్మిదంగుళాల మన్ను, ఐదంగుళాల బండ, కలిపి చదరపు అడుగుకు డెబ్బై కిలోలు. ఆ బరువుకు దూలం అడుగున వచ్చే లాగుడు ఇంత, ఆ రకం రాయి తట్టుకోగలిగింది అంత. మూడు రెట్ల భద్రత వచ్చింది. పగులుకు కొంత తీసేసినా రెండు రెట్లకు పైనే. ఇంకోసారి వేశాను, అదే వచ్చింది. కొట్టం బొమ్మ కూడా గీశాను, పై నుంచి చూసినట్టు ఒకటి, అడ్డంగా కోసినట్టు ఒకటి. అడ్డకోతలో చవుడును తూర్పు నుంచి పడమటికి ఒకే మందంతో, స్కేలు పెట్టి గీశాను.

పెదనాయన ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. వాకిట్లోని వాసాల వైపు చూసి, దూలం కింద ఒకటి నిలబెట్టమంటావా అని అడిగాడు. నిలబెడితే అది చూడి ఆవు తొడ పక్కన వస్తుంది. ఆవు దానికి రాసుకుని కదిలిస్తుంది, లేదా దాన్ని అక్కడి నుంచి మార్చాలి, మార్చేదానికి చోటు లేదు. వానలు పోయాక ఆవులను నాలుగు రోజులు బయట కట్టి, నిదానంగా ఇనుప వాసం వేద్దామన్నాను.

"లెక్కలు నాకొద్దప్పా," అన్నాడు. "ఈ వానకి గొడ్లను లోపల కట్టాల్నా, బయట కట్టాల్నా? అదొకటి చెప్పు."

ఆ ప్రశ్నలో ఏముందో నాకు తెలుసు. పెదనాయనకు బోరు ఎండిపోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి ఆ ఇల్లు నడిచేది రోజుకు రెండు పూటలా డైరీకి పోసే పాల మీదే. సీమావును వానలో బయట కడితే గిట్టలు నానతాయి, పొదుగు వాస్తుంది, పాలు సగమైపోతాయి. లోపల కడితే పైన ఆ దూలం.

"లోపలే కట్టు పెదనాయనా. ఏం గాదు," అన్నాను.

తొలకరి మామూలుగానే పడింది. ఫోన్ చేసినప్పుడల్లా పగులు పెరిగిందా అని అడిగేవాణ్ణి, లేదనేవాడు. తరువాత తుపాను వాన పట్టింది. మూడు రోజులు తెరపి లేదు. మండికల్ దగ్గర మా సైటులో పని ఆపి కూర్చున్నాం. మూడో రోజు మధ్యాహ్నం మూడు దాటాక పెదనాయన నుంచి ఫోన్ వచ్చింది. కొట్టం కూలింది, రా అన్నాడు. పెద్దమ్మ? అని అడిగాను. ఉండాది అన్నాడు. బైకు తీశాను. బాగేపల్లి దాకా హైవే మీద వాన కళ్లలో కొడుతుంటే, ఏ దూలం అయి ఉంటుందని ఆలోచిస్తూ వచ్చాను. ఇంకో దూలమై ఉండాలని కోరుకున్నాను. దానివల్ల ఒరిగేదేమీ లేదని తెలిసీ కోరుకున్నాను.

జరిగింది పెద్దమ్మ చెబితే తెలిసింది. ఆమె ఒకటో అంకణంలో వాకిలి పక్కన తవుడు కలుపుతోంది. బండల సందుల్లోంచి సన్నగా మన్ను రాలడం మొదలైంది. తరువాత రాయి ఒకసారి చప్పుడు చేసింది, గుట్ట మీద బండ చీల్చినప్పుడు వచ్చే చప్పుడు. ఆమెకు అర్థమైంది. కొడవలి తీసుకుని రెండో అంకణంలోకి పోయి దగ్గరున్న ఆవు పలుపు కోసి, వీపు మీద చరిచి బయటికి తోలింది. తడిసిన పలుపు, రాతి కన్నంలో బిగుసుకున్నది, విప్పితే రాదు, కోయాల్సిందే. రెండో ఆవు మెడ మీద చెయ్యి వేసేటప్పటికి రెండో చప్పుడు వచ్చింది. ఆమె వెనక్కి దూకింది. దూలం నడుమన విరిగి, దాని మీద ఆనిన బండలన్నీ రెండు అంకణాల్లోనూ ఉత్తరం సగం కిందికి వచ్చాయి. దక్షిణం సగం అలాగే నిలబడి ఉంది. నాలుగు స్తంభాలూ నిలబడే ఉన్నాయి.

నేను చేరేసరికి ఇంకా వెలుతురుంది. ఊరివాళ్లు గడ్డపారలతో బండలు ఎత్తుతున్నారు. సందులోకి జేసీబీ రాలేదు. ఎత్తుతున్న కొద్దీ పై నుంచి తడి మన్ను జారుతోంది. నాలుగో అంకణంలోని ఆవు ఏమీ తగలక, శిథిలాలకు అవతల కట్టేసినట్టే నిలబడి గాడిలోని గడ్డి తింటోంది. రెండు ఆవులు అప్పటికే పోయాయి. చూడిది పోలేదు. నడుము మీద బండ పడి వెనక కాళ్లు చచ్చాయి, ముందు కాళ్లతో లేవాలని చూస్తోంది. పశువుల డాక్టరు వచ్చి, చూసి, పెదనాయనను పక్కకు పిలిచి మాట్లాడి సూది వేశాడు. కడుపులో దూడకు ఎనిమిది నెలలు నిండాయి. దాని కోసం ఏమైనా చేయవచ్చా అని ఎవరో అడిగితే డాక్టరు లేదన్నాడు.

వాసాలు వాకిట్లో అలాగే పడి ఉన్నాయి. పెదనాయన వాటి పక్క నుంచే నడిచాడు. అడిగినవాళ్లందరికీ, పాత రాయి, వాన తట్టుకోలేకపోయింది అని చెప్పాడు. పెద్దమ్మ మాత్రం ఎవరూ అడగకుండానే చెప్పింది, మోకాలి వాపు మీద తడిగుడ్డ పెట్టుకుని, నా వైపు చూడకుండా.

"నేను మోసిన మన్నేప్పా పడింది. ఏటా ఆడనే పోస్తి. కారుతాదని పోస్తి."

అప్పుడు నాకు మొత్తం ఒకేసారి కనపడింది. దూలం పగిలితే బండల కీలు సడలి చుక్క పడుతుంది. చుక్క పడితే అక్కడే చవుడు పోస్తారు. చవుడు పోస్తే బరువు పెరిగి పగులు ఎదుగుతుంది. అంచుల్లో పోసిన మన్నును వానలు ఏటా దోనెల్లోంచి కడిగేస్తాయి కాబట్టి అక్కడ ఎప్పుడు కొలిచినా తొమ్మిదంగుళాలే ఉంటుంది. నడుమ పోసింది నడుమే ఉంటుంది. గీకేవాళ్లు పోయినప్పటి నుంచీ పెరుగుతూనే ఉంటుంది. ఇదంతా ఆమె మజ్జిగ గ్లాసు చేతికిచ్చి చెప్పింది. నేను రెండు మాటలు రాసుకున్నాను.

మరునాడు పొద్దున వాన నిలిచింది. గ్రామ లెక్కాధికారి మహజరు, అంటే నష్టం పంచనామా, రాయడానికి వచ్చాడు. కన్నడంలో అడుగుతూ వరుసగా నింపుకుంటూ పోయాడు: గోడ రాయి, కప్పు రాతి బండలు, పైన మన్ను. చచ్చిన ఆవుల చెవి బిళ్లల నంబర్లు. మన్ను మందం ఎంత అని అడిగి, ఇంజినీరు కదా మీరే చెప్పండి అని నా వైపు తిరిగాడు.

తొమ్మిదంగుళాలు అనవచ్చు. నోటుబుక్కులో ఉంది, చుట్టూ గీత కూడా ఉంది. అలా అంటే కూల్చింది వానే అవుతుంది. నా మాట తప్పు కాకుండా పోతుంది, ఆమె గంపలు కూడా లెక్కలోకి రాకుండా పోతాయి. పెదనాయన నా ముఖం చూసి, వాన అని రాయించప్పా అన్నాడు మెల్లగా. నన్ను కాపాడడానికి అన్నాడో ఆమెనో తెలియదు.

కానీ దక్షిణం సగం ఇంకా నిలబడి ఉంది. దాని మీద అదే మన్ను, తడిసి ఉంది. దాని కిందికి ఎవరు పోవాలన్నా ముందు ఆ మన్ను ఎంతో తెలియాలి. టేపు తీశాను. నేను ఎక్కడికి పోతున్నానో పెద్దమ్మకు తెలిసింది. కుంటుకుంటూ నా వెనకే కుప్ప ఎక్కింది. వద్దన్నా దిగలేదు.

"కొస నేను పట్టుకుంటా. సరిగ్గా చూడు ఈసారి," అంది.

కుప్ప మీద నిలబడితే విరిగిన అంచు కళ్లకు ఎదురుగా వచ్చింది. నేను స్కేలు పెట్టి తిన్నగా గీసిన అడ్డకోత నిజానికి ఇలా ఉంది: నడుమన ఉబ్బి, పొరలు పొరలుగా, తెల్లటి పొర, దాని మీద నల్లటి పొర, మళ్లీ తెల్లనిది. ఒక్కో పొర ఒక్కో ఏడు. ఒక పొరలో విరిగిన ఆకుపచ్చ చేతిగాజు ముక్క ఉంది. ఆమె కూడా చూసింది, ముట్టుకోలేదు. మూసిన గవాచి బండముక్క పొరల అడుగున, అన్నిటికంటే కింద ఉంది.

ఆమె టేపు కొసను బండ అంచుకు ఆనించి బొటనవేలితో నొక్కి పట్టుకుంది. నేను పైకి లాగి, గడ్డి వేళ్ల దగ్గర ఆపాను. ఎంతుండాది అని అడిగింది. చెప్పాను. కింద నుంచి లెక్కాధికారి మళ్లీ అడిగాడు, అతనికీ అదే చెప్పాను, అతను రాసుకున్నాడు.

అంచున తొమ్మిది అంగుళాలు. నడి అంకణం మీద ఇరవై ఏడు.